క్యాప్ అండ్ బాల్ రివాల్వర్: ఏ పనికి ఎంత బ్యారెల్

క్యాప్ అండ్ బాల్ అంటే సిలిండర్‌లోని ఒక్కో ఛాంబర్ (అర)లో ముందు నుంచి తుపాకి మందు పోసి, గుండు దింపి, వెనక నిపుల్ అనే చిన్న గొట్టం మీద నిప్పు పుట్టించే క్యాప్ పెట్టి కాల్చే పాత రకం రివాల్వర్. పొడవాటి బ్యారెల్ ఉంటే గుండు బాగా వేగంగా వెళ్తుందన్న నమ్మకంతో చాలామంది 8 అంగుళాల రివాల్వర్ కొంటారు. వేగం పెరిగే మాట నిజమే, కానీ అనుకున్నంత పెరగదు. ఆ అదనపు అంగుళాల వల్ల అసలు లాభం గురిలో కనిపిస్తుంది. నష్టం మసిలో, బరువులో కనిపిస్తుంది. పొట్టి బ్యారెల్ తీసుకుంటే మొదట ఇబ్బంది పెట్టేది కూడా వేగం కాదు, గుండును ఛాంబర్లోకి నొక్కే లోడింగ్ లివర్. వీటిని విడివిడిగా చూసి, మీ రివాల్వర్‌లో తేడా ఎంతో మీరే కొలుచుకునే పద్ధతి కింద ఉంది.

ముందు అసలు కొలతలు. 1847 నాటి కోల్ట్ వాకర్‌కి 9 అంగుళాల బ్యారెల్. 1851 నేవీకి ఏడున్నర, 1860 ఆర్మీకి 8, రెమింగ్టన్ న్యూ మోడల్ ఆర్మీకి కూడా 8. 1849 పాకెట్ మోడల్ 3 నుంచి 6 అంగుళాల దాకా రకరకాల పొడవుల్లో వచ్చింది. ఇప్పుడు ఇటలీలో ఉబెర్టి, పియెట్టా కంపెనీలు చేసే నకళ్ళలో ఈ పొడవులతో పాటు ఐదున్నర అంగుళాల ‘షెరిఫ్’ రకం బాగా దొరుకుతుంది. అందుకే ఇక్కడ పోలిక ఎక్కువగా 8కి, ఐదున్నరకి మధ్యే.

వేగం లెక్క

బ్లాక్ పౌడర్, అంటే ఇందులో పోసే మందు, కాలాక దాని బరువులో సగానికి కొంచెం తక్కువే వాయువు అవుతుంది. మిగతాదంతా ఘనపదార్థం, అంటే పొగ, మసి. గుండును తోసేది ఆ వాయువే. అది ఎంత చోటులోకి వ్యాపించేదాకా గుండు వెనక ఉండి తోస్తుందన్నదే ఇక్కడ ప్రశ్న.

.44 క్యాలిబర్ (లోపలి వ్యాసం సుమారు 0.44 అంగుళం) బ్యారెల్‌లో 8 అంగుళాల పొడవుకి లోపలి ఖాళీ సుమారు 21 ఘన సెంటీమీటర్లు. ఐదున్నర అంగుళాలకి 14. కొలచెంబులో 30 గ్రెయిన్ల (సుమారు 2 గ్రాముల) మందు పట్టే చోటు సుమారు 2 ఘన సెంటీమీటర్లు. అంటే 8 అంగుళాల బ్యారెల్‌లో వాయువు తాను మొదట ఉన్న చోటుకి 11 రెట్లకు పైగా వ్యాపిస్తుంది, ఐదున్నరలో 8 రెట్లు. తోపుడు చాలావరకు మొదటి మూడు నాలుగు రెట్లలోనే అయిపోతుంది. ఆ తర్వాతి ప్రతి అంగుళం అంతకు ముందు అంగుళం కంటే తక్కువ ఇస్తుంది. ఆ లెక్కన 30 గ్రెయిన్ల మందుతో 8 అంగుళాల నుంచి సెకనుకు 900 అడుగుల వేగంతో వచ్చే గుండు, ఐదున్నర అంగుళాల నుంచి సుమారు 850తో వస్తుంది. అంగుళానికి 20 అడుగుల చిల్లర.

మందు తగ్గిస్తే ఈ తేడా ఇంకా తగ్గుతుంది. 20 గ్రెయిన్లకి 8 అంగుళాల బ్యారెల్‌లో వ్యాకోచం 17 రెట్లు, ఐదున్నరలో 12. చివరి అంగుళాల్లో తోయడానికి వాయువు దగ్గర పెద్దగా ఏమీ మిగలదు. వాకర్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. దాని ఛాంబర్లలో 60 గ్రెయిన్లు పడతాయి. 9 అంగుళాల బ్యారెల్ ఉన్నా వ్యాకోచం 7 రెట్లే. వాకర్ బ్యారెల్‌ను పొట్టి చేస్తే మందు దండగ. పొడవుతో వేగం నిజంగా పెరగాలంటే ఛాంబర్ పెద్దదై ఉండాలి, దాన్ని నిండుగా నింపాలి.

140 గ్రెయిన్ల గుండుకి 900 అడుగుల వేగం దగ్గర శక్తి 252 అడుగు పౌండ్లు, 850 దగ్గర 225. పదో వంతు పోయింది. 25 గజాల దగ్గర గుండు కిందికి జారడంలో తేడా ఎంత? 4 మిల్లీమీటర్లు. కాగితం టార్గెట్ మీద అది గుండు పడిన కంత వెడల్పులో సగం కూడా ఉండదు. పొట్టి బ్యారెల్ పెట్టగానే గుండ్లు వేరే చోట పడితే వేగం తగ్గడమే కారణమని చాలామంది అంటారు. అది తప్పు. అసలు కారణాలు సైట్లు (గురి చూసే గాడి, మొన), కాల్చినప్పుడు రివాల్వర్ పైకి ఎగరడం. వాటి సంగతి తర్వాత.

ఒక అంగుళం పొడవు కంటే ఎక్కువ తేడా తెచ్చేవి వేరే ఉన్నాయి. ఒక బ్రాండ్ 3ఎఫ్ (సన్న గింజల) మందు బదులు ఇంకో బ్రాండ్ 3ఎఫ్ పోస్తే వచ్చే మార్పు అంగుళం బ్యారెల్ తెచ్చే మార్పును దాటగలదు. స్విస్ అనే బ్రాండ్ మందు మిగతా చాలావాటి కంటే చురుకైనది. సిలిండర్‌కి బ్యారెల్‌కి మధ్య సందు పెరిగితే వాయువు పక్కలకి పోతుంది. ఛాంబర్ మూతి బ్యారెల్ లోపలి మెలి గాడుల కంటే ఇరుకుగా ఉంటే గుండు ఛాంబర్లోనే సన్నబడి, బ్యారెల్‌లో గాడుల్ని సరిగ్గా నింపదు. వాయువు గుండును దాటి ముందుకి జారిపోతుంది. ఈ లోపం నకళ్ళలో తరచూ కనిపిస్తుంది. ఇది ఉన్న రివాల్వర్‌కి 2 అంగుళాలు అదనంగా పెట్టినా గురి కుదరదు.

కొలిచే పద్ధతి

పోలిక సరిగ్గా ఉండాలంటే ఫ్రేము, సిలిండర్ అవే ఉండి బ్యారెల్ ఒక్కటే మారాలి. పైన పట్టీ లేని కోల్ట్ రకాల్లో ఇది తేలిక. అడ్డంగా దిగే వెడ్జ్ అనే చీలను తట్టి బయటికి తీస్తే బ్యారెల్ ముందుకి ఊడివస్తుంది. రెమింగ్టన్‌లో బ్యారెల్ ఫ్రేముకి మర బిగించి ఉంటుంది కాబట్టి ఈ పని ఇంట్లో కుదరదు. రెండు వేర్వేరు రెమింగ్టన్‌లను పక్కపక్కన పెట్టి కాల్చి ‘పొడవు వల్ల ఇంత తేడా’ అనుకోవడం పొరపాటు. మీరు కొలిచింది రెండు రివాల్వర్ల మధ్య తేడా.

1. బ్యారెల్ బిగించి, ఖాళీ సిలిండర్‌తో, ఫీలర్ గేజ్ అనే పల్చని రేకులతో సందు కొలవండి. 0.15 నుంచి 0.2 మిల్లీమీటర్ల మధ్య ఉంటే మంచిది. అంతకంటే బిగువైతే నాలుగు రౌండ్లకే మసి పట్టి సిలిండర్ తిరగదు. రెండు బ్యారెళ్ళకీ సందు ఒకటే రావాలి.

చాలా నకళ్ళలో ఇక్కడే చిక్కు వస్తుంది. ఆర్బర్, అంటే సిలిండర్ తిరిగే ఇరుసు, బ్యారెల్ కింది రంధ్రం అడుగుదాకా చేరదు. అప్పుడు వెడ్జ్‌ను ఎంత లోపలికి కొడితే సందు అంత మారుతుంది. సిలిండర్ తీసేసి, బ్యారెల్‌ను ఆర్బర్ మీద పక్కకి తిప్పి పెట్టి అడుగుదాకా నెట్టండి. బ్యారెల్ కింది భాగం ఫ్రేము ముఖానికి సరిసమానంగా ఆగితే ఆర్బర్ సరైన పొడవే. ఫ్రేమును దాటి వెనక్కి వస్తే ఆర్బర్ పొట్టి. ఆ తేడా మందం ఉన్న ఉక్కు బిళ్ళ రంధ్రం అడుగున వేస్తే సందు స్థిరపడుతుంది. ఇది సరిచేయకుండా తీసిన వేగం అంకెలకి విలువ లేదు.

2. నూనె రాసిన బ్యారెల్‌లోంచి మెత్తని సీసపు గుండును చెక్క కర్రతో నెట్టి, దాని వ్యాసం కొలవండి. ఛాంబర్ మూతులను కూడా కొలవండి. మూతి వ్యాసం, బ్యారెల్‌లోంచి వచ్చిన ఆ గుండు వ్యాసానికి సమానంగానో ఒక పిసరు ఎక్కువగానో ఉండాలి.

3. గుండు .44 నకళ్ళకి 0.451 లేదా 0.454 అంగుళం, రూగర్ ఓల్డ్ ఆర్మీకి 0.457, .36కి 0.375 లేదా 0.380. శుద్ధమైన మెత్తని సీసమే వాడాలి. ఛాంబర్లోకి దిగేటప్పుడు చుట్టూ సన్నని సీసపు వలయం తెగాలి. వలయం తెగకపోతే గుండు చిన్నది, దాన్ని వాడకండి. రివాల్వర్ ఎగురుకి గుండు ముందుకి జారుతుంది, పక్క ఛాంబర్ నిప్పు అంటుకునే ప్రమాదం కూడా పెరుగుతుంది.

4. మందు 3ఎఫ్. మామూలు కాల్పుకి కొలచెంబు చాలు. ఈ పరీక్షకి మాత్రం ప్రతి కొలతా త్రాసు మీద తూచండి. ఉక్కు ఫ్రేము .44కి 25 నుంచి 30 గ్రెయిన్లు, .36కి 20 దగ్గర మొదలుపెట్టండి. రివాల్వర్‌తో వచ్చిన పుస్తకంలోని గరిష్ఠాన్ని దాటకండి. బ్లాక్ పౌడర్ బదులు వచ్చే కృత్రిమ మందులు వాడితే ఆ డబ్బా మీది సూచనే ప్రమాణం. పొగరాని మందు చిటికెడు కూడా కలపకూడదు, సిలిండర్ పగులుతుంది.

5. తక్కువ మందు పోసినప్పుడు గుండు ఛాంబర్లో లోతుగా దిగిపోతుంది, బ్యారెల్ చేరేలోపు ఎక్కువ దూరం గాల్లో దూకుతుంది. అమెరికాలో దీనికి మొక్కజొన్న పిండి గానీ, క్రీమ్ ఆఫ్ వీట్ గానీ నింపుతారు. మన ఇళ్ళలో బొంబాయి రవ్వ అచ్చం అదే పని చేస్తుంది. మందు మీద రవ్వ పోసి గుండు నొక్కితే, గుండు మూతికి రెండు మూడు మిల్లీమీటర్ల లోపల నిలవాలి. రవ్వకీ బరువుంది. ఒక బ్యారెల్‌కి పోసి ఇంకోదానికి మానేస్తే పోలిక చెడుతుంది. మందుకి గుండుకి మధ్య గాలి ఖాళీ మాత్రం ఎప్పుడూ వదలకండి.

6. తేనెమైనం, గొర్రె కొవ్వు కలిపి నానబెట్టిన ఫెల్ట్ బిళ్ళ గుండు కింద పెట్టండి, లేదా గుండు మీద గ్రీజు రాయండి. రెండు బ్యారెళ్ళకీ ఏదో ఒక పద్ధతే. బండికి వాడే పెట్రోలియం గ్రీజు వద్దు, మసితో కలిసి తారులా గట్టిపడుతుంది.

7. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌ను బ్యారెల్ మూతికి 4, 5 మీటర్ల దూరాన పెట్టండి. దగ్గరైతే పొగను, ఎగిరే ఫెల్ట్ బిళ్ళను గుండుగా లెక్కవేస్తుంది. మిగతావాటితో పొంతన లేని అంకె వస్తే బిళ్ళ పనే అని అనుమానించి కొట్టేయండి.

8. అయిదు రౌండ్లు కాల్చి, ఆరో ఛాంబర్ ఖాళీగా ఉంచి సుత్తిని దాని మీద దించండి. సిలిండర్ అయ్యాక సబ్బునీళ్ళ గుడ్డతో, తర్వాత పొడి గుడ్డతో బ్యారెల్ తుడవండి. సిలిండర్ ముఖం, ఆర్బర్ కూడా తుడిచి గ్రీజు రాయండి. శుభ్రమైన బ్యారెల్‌లోంచి వచ్చే మొదటి రౌండు లెక్కలోకి రాదు. పొడుగు బ్యారెల్‌తో ఒక సిలిండర్, పొట్టిదానితో ఒకటి, మళ్ళీ పొడుగుది, ఇలా మార్చి మార్చి కాల్చండి. అప్పుడు ఎండ, తేమ మారినా రెండిటికీ సమానంగా తగులుతుంది.

ఒక్కో బ్యారెల్‌కి లెక్కలోకి వచ్చే 15 రౌండ్లు ఉంటే చాలు. రౌండుకీ రౌండుకీ ప్రామాణిక విచలనం 25 అడుగులు ఉందనుకుందాం. అప్పుడు రెండు సగటుల మధ్య తేడాలో ఉండే అనిశ్చితి సుమారు 9 అడుగులు. అంటే సగటుల తేడా 20 దాటితేనే దాన్ని నమ్మవచ్చు. అయిదేసి రౌండ్లు కాల్చి 15 అడుగుల తేడా చూసి తీర్పు చెప్పేవాళ్ళ మాట పట్టించుకోకండి.

మూతి ముందు రెండు మీటర్ల దూరాన నేల మీద తెల్లని దుప్పటి పరిస్తే ఇంకో విషయం తెలుస్తుంది. దాని మీద పడ్డ రేణువుల్ని వేళ్ళతో నలపండి. మసి అయితే పొడిపొడి అవుతుంది. గట్టిగా, నిగనిగలాడుతూ ఉన్నవి కాలని మందు గింజలు. మందు పెంచుతున్నకొద్దీ గింజలు పెరుగుతుంటే ఆ బ్యారెల్‌కి అక్కడితో చాలు.

గురి

పొడవు నిజంగా పనికొచ్చేది ఇక్కడే. కోల్ట్‌లో వెనక సైట్ సుత్తి ముక్కు మీది గాడి, ముందుది బ్యారెల్ చివరి ఇత్తడి మొన. బ్యారెల్ ఎంత పొడవుంటే రెండు సైట్ల మధ్య దూరం అంత పెరుగుతుంది. 8 అంగుళాల దానిలో ఆ దూరం సుమారు 270 మిల్లీమీటర్లు, ఐదున్నరలో 205. ముందు మొన గాడిలో పావు మిల్లీమీటరు పక్కకి జరిగితే 25 మీటర్ల దగ్గర గుండు మొదటిదానిలో 23 మిల్లీమీటర్లు తప్పుతుంది, రెండోదానిలో 30. చూపు సన్నగిల్లిన వయసులో ముందు మొన కంటికి ఎంత దూరంగా ఉంటే అంత స్పష్టంగా కనిపిస్తుంది. అదీ పొడుగు బ్యారెల్‌కే లాభం. ముందు బరువు ఉండటం వల్ల చేతి వణుకు కూడా కొంత తగ్గుతుంది.

అంతర్జాతీయ మజిల్ లోడింగ్ (ముందు నుంచి మందు నింపే తుపాకుల) పోటీల్లో క్యాప్ అండ్ బాల్ రివాల్వర్‌ను 25 మీటర్ల దగ్గర 13 రౌండ్లు కాల్చి, మంచివి పది లెక్కిస్తారు. ఇలాంటి పనికి ఏడున్నర, 8 అంగుళాలు వదిలి కిందికి దిగడానికి కారణమేమీ లేదు. ఒర నుంచి త్వరగా తీసి, దగ్గరలోని పెద్ద ఇనప పలకల్ని కొట్టే కౌబాయ్ పోటీలకైతే ఐదున్నర హాయి.

బ్యారెల్ మార్చాక గుండ్లు పైన పడతాయా కింద పడతాయా అన్నది ముందే చెప్పడం కష్టం. గుండు ఇంకా బ్యారెల్‌లో ఉండగానే రివాల్వర్ పైకి లేవడం మొదలవుతుంది. పొట్టి బ్యారెల్‌లో గుండు తొందరగా బయటపడుతుంది కాబట్టి ఆ లేవడం తగ్గాలి. కానీ ముందు బరువు తగ్గినందువల్ల అది మరింత చురుగ్గా లేస్తుంది. కాల్చి చూడటమే మార్గం. కోల్ట్ రకాలు 25 గజాల దగ్గర ఎలాగూ పైకే కొడతాయి, వాటి సైట్లు అంతకంటే దూరానికి పెట్టినవి.

సరిచేయడానికి లెక్క సులువు: ఎంత పైన పడుతోందో దాన్ని సైట్ల మధ్య దూరంతో గుణించి, టార్గెట్ దూరంతో భాగించండి. 25 మీటర్ల దగ్గర 150 మిల్లీమీటర్లు పైన పడుతుంటే, 270 మిల్లీమీటర్ల దూరం ఉన్న రివాల్వర్‌కి ముందు మొన 1.6 మిల్లీమీటర్లు పెరగాలి. అంతకంటే ఎత్తైనది పెట్టించి, ఆకురాయితో కొంచెం కొంచెంగా దించుతూ కాల్చండి. ఒకేసారి ఎక్కువ రాసేస్తే మళ్ళీ కొత్త మొన పెట్టించాల్సిందే.

మసి, లివర్, ఇత్తడి ఫ్రేము

పొడుగు బ్యారెల్‌లో గ్రీజు చివరిదాకా చాలదు. మూతి వైపు రెండు అంగుళాల్లో మసి ఎండిపోయి గట్టిపడుతుంది. రెండో సిలిండర్‌కల్లా గుండ్లు చెదరడం మొదలవుతుంది. కాల్చాక మూతి చుట్టూ తడిగా, నక్షత్రంలా గ్రీజు మరక ఉంటే సరిపోయినట్టు. పొడిగా, బూడిద రంగులో ఉంటే ఫెల్ట్ బిళ్ళకి ఇంకొంచెం కొవ్వు పట్టించండి. ఐదున్నర అంగుళాల బ్యారెల్‌కి ఈ బాధ తక్కువ. సిలిండర్ బిగుసుకుపోవడానికి మాత్రం బ్యారెల్ పొడవుతో సంబంధం లేదు. రెమింగ్టన్‌లో సన్నని సిలిండర్ పిన్నుకి మసి తొందరగా పడుతుంది. కోల్ట్ ఆర్బర్ లావు, దాని మీద గ్రీజు నిలిచే గాడులున్నాయి, అందుకే ఎక్కువసేపు తిరుగుతుంది.

బ్యారెల్ పొట్టిదైతే కింది లోడింగ్ లివర్ కూడా పొట్టిదవుతుంది. 0.454 గుండు దింపడానికి చెయ్యి నొప్పి పుడుతుంది, లివర్ మర వంగుతుంది. అలాంటప్పుడు 0.451 వాడండి, అప్పటికీ వలయం తెగుతోందో లేదో చూసుకోండి. లివరే లేని మరీ పొట్టి రకాలకి సిలిండర్‌ను బయటికి తీసి, విడిగా దొరికే లోడింగ్ ప్రెస్‌లో గుండ్లు దింపాలి. క్యాప్‌లు మాత్రం సిలిండర్ రివాల్వర్‌లోకి చేరాక, మూతి టార్గెట్ వైపు ఉండగానే పెట్టాలి. వాకర్‌కి పొడుగు లివర్ ఉన్నా దాన్ని పట్టే ఏర్పాటు సరిగ్గా లేక, కాల్చిన ఊపుకి కిందికి జారి సిలిండర్‌ను అడ్డుకునేది. తర్వాతి కోల్ట్ డ్రాగూన్ మోడళ్ళలో బ్యారెల్ చివర కొక్కెం పెట్టి ఆ లోపం సరిచేశారు.

పొట్టి బ్యారెల్‌లో పోయిన వేగాన్ని మందు పెంచి తిరిగి తెచ్చుకుందామని చూసేవాళ్ళు ఎక్కువగా పాడుచేసుకునేది ఇత్తడి ఫ్రేము రివాల్వర్లనే. ఇత్తడి ఫ్రేము .44కి 20 గ్రెయిన్లు దాటకండి. దాటితే సిలిండర్ వెనక పళ్ళ ముద్ర ఫ్రేము మీద పడుతుంది, ఆర్బర్ మర వదులవుతుంది, సందు పెరుగుతుంది. అంటే పెంచిన మందు వాయువంతా ఆ సందులోంచే పోతుంది. సిలిండర్ తీసి వెనక ఫ్రేము మీద గుండ్రని అచ్చు కనిపిస్తే మందు అప్పటికే ఎక్కువైనట్టు.

బ్యారెల్ కోయించే ముందు

ఇండియాలో ఈ ఆలోచన పెట్టుకోకండి. ఆయుధాల చట్టం 1959లోని 6వ సెక్షన్ తుపాకీ బ్యారెల్‌ను పొట్టి చేయడానికి విడిగా లైసెన్సు ఉండాలంటుంది. అమెరికాలో ఫెడరల్ చట్టం ఈ నకళ్ళను మామూలు తుపాకుల లెక్కలోకి తీసుకోకపోయినా రాష్ట్రాల చట్టాలు వేరు. న్యూజెర్సీలో వీటికీ అనుమతి కావాలి. బ్రిటన్‌లో ఫైర్‌ఆర్మ్ సర్టిఫికెట్ ఉంటేనే కుదురుతుంది.

చట్టం ఒప్పుకున్నచోట కూడా కోయించడం కంటే పొట్టి బ్యారెల్ విడిగా కొనడం మేలు. కోస్తే ముందు సైట్ పోతుంది, లివర్ కొక్కెం పోతుంది, మూతి అంచును మళ్ళీ చెక్కించాలి. ఆ అంచు ఒక పక్క పిసరు ఎక్కువ చెక్కితే వాయువు ఒకవైపు ముందుగా తప్పించుకుని గుండును పక్కకి నెడుతుంది, అది ఏ సైట్‌తోనూ సరికాదు. కొన్న బ్యారెల్ కూడా అదే కంపెనీది, అదే మోడల్‌ది అయి ఉండాలి. బిగించాక మూడు విషయాలు చూడండి: వెడ్జ్ చెక్క సుత్తితో తట్టితే దిగాలి, సందు పైన చెప్పిన కొలతలో ఉండాలి, ప్రతి ఛాంబరూ బ్యారెల్‌తో వరసగా కుదరాలి. మూడోదానికి సిలిండర్ ఖాళీగా ఉంచి, నిపుల్స్ విప్పేసి, సుత్తిని పూర్తిగా ఎత్తి ఉంచి మూతి వైపు నుంచి టార్చ్ వేసి చూడండి. ఛాంబర్ అంచు ఒక పక్కన చంద్రవంకలా కనిపిస్తే కాల్చేటప్పుడు గుండు ఆ పక్కన చెక్కుకుపోతుంది. ఆ బ్యారెల్‌ను అమ్మినవాళ్ళకి తిరిగి పంపండి.